అమృతాంజన్ వంతెన నుంచి కామాటిపుర గల్లీల దాకా

2020 ఏప్రిల్ 5, ఆదివారం. రాత్రి తొమ్మిదింటికి దీపాలు పెట్టాలని దేశమంతా ఒత్తులు సిద్ధం చేసుకున్న రోజు. ఆ రోజే ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద, లోనావలా దగ్గర బోర్‌ఘాట్‌లో, ఓ పాత రాతి కమానుల వంతెనను పేలుడు మందు పెట్టి కూల్చేశారు. దాని కాళ్లు సరిగ్గా మలుపు దగ్గర రోడ్డులోకి దిగి ఉండేవి. ఘాట్ దిగే లారీలకు అది గండం, ట్రాఫిక్ పోలీసులకు తలనొప్పి. మామూలు రోజుల్లో ఆ దారిని గంటసేపు ఆపినా గగ్గోలే. లాక్‌డౌన్ పుణ్యమా అని బండ్లు లేవు కాబట్టి పని కానిచ్చేశారు.

కూలిన వంతెన పేరు అమృతాంజన్ బ్రిడ్జ్. తలనొప్పికి పేరుపడిన వంతెనకు తలనొప్పి మందు పేరే ఉండటం ఎవరూ కావాలని చేసిన చమత్కారం కాదు. ఒకప్పుడు దాని మీద అమృతాంజనం ప్రకటన పెద్ద అక్షరాల్లో కనబడేది. ఘాట్ ఎక్కి దిగే డ్రైవర్లు, క్లీనర్లు, పుణె బస్సు ప్రయాణికులు ఆ అక్షరాలనే గుర్తు పెట్టుకున్నారు. ఏ గవర్నరూ రిబ్బను కత్తిరించలేదు, ఏ మునిసిపాలిటీ తీర్మానమూ చేయలేదు. జనం నోట పడిన పేరు చివరిదాకా అలాగే ఉండిపోయింది.

ఆ చిన్న సీసాలోని పసుపు పచ్చ ముద్దను కనిపెట్టినవాడు మనవాడే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు. బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరి, 1893లో అక్కడే అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో సీసాలు ఉచితంగా పంచి అలవాటు చేశారని చెబుతారు. ఆ లాభంతోనే 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికను తెచ్చారు. 1914లో అది మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. అంటే తెలుగు పత్రికల చరిత్రలో ఓ పెద్ద అధ్యాయానికి పునాది పడింది బెజవాడలో కాదు, రాజమండ్రిలో కాదు, మరాఠీ గడ్డ మీద.

వంతెన వయసు మీద మాత్రం తగవు ఉంది. కూల్చినప్పుడు పత్రికలన్నీ 1830 నాటిదని, 190 ఏళ్లదని రాశాయి. బోర్‌ఘాట్ బండి దారిని కెప్టెన్ హ్యూస్ వేయించి, అప్పటి గవర్నర్ జాన్ మాల్కం దాన్ని తెరిచింది ఆ ఏడాదే కనుక లెక్క అలా కుదిరింది. రైలు చరిత్ర తెలిసినవాళ్లు ఒప్పుకోలేదు. ఘాట్‌లో రైలు ముందుకు వెళ్లి, ఆగి, ఇంజన్ మార్చుకుని వెనక్కి మళ్లే రివర్సింగ్ స్టేషన్ ఒకటి ఉండేది, ఆ పాత లైను మోసిన వంతెనే ఇదని వాళ్ల వాదన. 1929లో కొత్త దారి వచ్చాక ఆ స్టేషన్ మూలపడింది. నాకు రెండో మాటే నమ్మబుద్ధి అవుతుంది. బండ్ల దారి కోసమే అయితే అంత ఎత్తున అన్ని కమానులు లేపాల్సిన అవసరం కనబడదు.

అక్కడి రైలు దారి కథ చిన్నది కాదు. దాదాపు 16 మైళ్ల పొడవున 1,831 అడుగుల ఎత్తు ఎక్కాలి. 25 సొరంగాలు తవ్వారు. లోయల మీద రాతి కమానులు లేపారు. మొదటి గుత్తేదారు ఫేవియెల్ కూలి డబ్బు సరిగా ఇవ్వలేదని 1859 జనవరిలో పనివాళ్లు తిరగబడ్డారు. అతని కాంట్రాక్టు పోయింది. ఆ తర్వాత వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ ఇండియాలో దిగిన కొద్ది రోజులకే చనిపోతే, భార్య ఆలిస్ ఆ గుత్తను తన పేర నిలబెట్టుకుని మేనేజర్లతో పని పూర్తి చేయించింది. 1861 మొదట్లో ఆ కొండ మీద 42,000 మంది పనిచేశారు. కలరా వచ్చి పోయింది, మనుషులు పోయారు, కొత్తవాళ్లు వచ్చారు. 1863 ఏప్రిల్‌లో దారి తెరిచారు.

ఆలిస్ పేరు మనకు తెలుసు. చీఫ్ ఇంజనీరు బెర్క్‌లీ పేరు తెలుసు. ఆ నలభై రెండు వేలలో ఒక్క పేరూ తెలియదు. కంపెనీ కాగితాల్లో ముఠాలుంటాయి, మనుషులుండరు. అయితే ఆ కాలపు రైలు ఇంజనీర్ల రాతల్లో ‘వడ్డర్’ అన్న మాట మాటిమాటికీ తగులుతుంది. పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని పని ఉన్నచోటల్లా గుడిసె వేసుకునేవాళ్లు, రోజు కూలికి ఒప్పుకోకుండా తవ్విన గుంత కొలిచి డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లు, మట్టి పనిలో వీళ్లను మించినవాళ్లు లేరని దొరలు ఒప్పుకున్నవాళ్లు. మన వడ్డెరలు.

కమాను కట్టడం తిరకాసు పని. ముందు రెండు పక్కలా దిమ్మెలు లేపుతారు. మధ్యలో దుంగలతో, పలకలతో వంపు తిరిగిన సెంట్రింగ్ నిలబెడతారు. దాని మీద రెండు వైపుల నుంచీ సమానంగా రాళ్లు పేర్చుకుంటూ పైకి రావాలి. ఒక పక్క ముఠా పోటీకి పోయి నాలుగు రాళ్లు ఎక్కువ పెట్టిందా, కర్రలు రెండో పక్కకు ఒరుగుతాయి. ప్రతి రాయినీ కిందివైపు సన్నగా, పైవైపు వెడల్పుగా ఉలితో దించాలి. ఆఖరున నడినెత్తిన ఒక రాయిని సమ్మెటతో బిగగొడతారు. గానుగ సున్నం గట్టిపడేదాకా ఆగి సెంట్రింగ్ విప్పుతారు. ఆ పూట మేస్త్రికి అన్నం దిగదు. కమాను కొద్దిగా కిందికి కూర్చుంటుంది. కూర్చుని ఆగితే వందేళ్లు భయం లేదు. ఆగకపోతే కింద ఎవరూ ఉండకూడదు. ఇదే ఘాట్‌లో ఎనిమిది కమానుల మౌ-కీ-మళీ వంతెన రైళ్లు తిరగడం మొదలైన నాలుగేళ్లకే, 1867 జూలైలో కూలిపోయింది. లోపం రాతి పనిలోనే ఉందని తేల్చి, ఆ రైలు కంపెనీ కట్టించిన మిగతా వంతెనలన్నీ ఒకటొకటిగా తట్టి చూశారు.

బొంబాయిలో కట్టినదాని మీద ఎక్కువగా పైవాళ్ల పేర్లే ఉంటాయి. కార్నాక్, హాన్‌కాక్, ఎల్ఫిన్‌స్టన్, ఫ్రియర్, కెన్నెడీ అన్నీ వంతెనలే, అందరూ దొరలే. కట్టినవాళ్ల మూలంగా పేరు వచ్చిన పేట మాత్రం ఒకటుంది. కామాటిపుర. ఆ పేరు వినగానే నగరం మొహం తిప్పుకుంటుంది.

ఆ పేట పుట్టుక కూడా కట్టడంతోనే ముడిపడింది. అప్పటి బొంబాయి ఏడు లంకలు. వర్లీకీ మహాలక్ష్మికీ నడుమ ఉన్న గండిలోంచి పోటు నీరు దూసుకొచ్చి ఇప్పటి భాయ్‌ఖలా (బైకుల్లా) పల్లాన్నంతా ముంచేది. గవర్నర్ విలియం హార్న్‌బీ ఆ గండికి రాతి కట్ట వేయించాడు. 1784కు అది పూర్తయింది. కట్టినదల్లా సముద్రం మింగేస్తుంటే ఇంజనీరుకు మహాలక్ష్మి కలలో కనబడి, నీళ్లలో ఉన్న తన విగ్రహాన్ని తీసి గుడి కడితే కట్ట నిలుస్తుందని చెప్పిందని అక్కడి స్థలపురాణం. మన ఊళ్లలో చెరువు కట్టలకు ఇలాంటి కథలు కోకొల్లలు కనుక తెలుగు కూలీలకు అది వింతగా తోచి ఉండదు.

నీళ్లు ఆగాయి, నేల తేలింది. తేలిందంటే ఉప్పు బురద. దాన్ని పూడ్చి, రాయి పరిచి, దారి వేసి, ఇల్లు లేపే పనికి మనుషులు కావాలి. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి ముఠాలు ముఠాలుగా వచ్చారు. కరువుకు కొందరు, అప్పులకు కొందరు, వెట్టి తప్పించుకోవడానికి కొందరు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తెలంగాణలో వలసల గురించి చెప్పుకునే మాటలో నడుమది అన్నిటికన్నా పాతది. సింగరేణి గనులకన్నా ముందే బొంబాయి దారి తెరుచుకుంది. కట్టుబడి పని చేసే ఈ కామాటి జనం 18వ శతాబ్దం చివర ఆ పల్లపు నేలలోనే గుడిసెలు వేసుకున్నారు. ఊరంతటికీ మెరక చేసినవాళ్లకు మిగిలింది పల్లమే. వానాకాలంలో గల్లీల్లో మోకాలి లోతు నీళ్లు.

ఉత్తరాన బెల్లాసిస్ రోడ్డు, దక్షిణాన గ్రాంట్ రోడ్డు, తూర్పున డంకన్ రోడ్డు, పడమట శుక్లాజీ వీధి. పాత పేర్లలో ఇవీ కామాటిపుర హద్దులు. లోపల గల్లీలకు పేర్లు లేవు, అంకెలే. ఒకటో గల్లీ, రెండో గల్లీ, అలా పదిహేను దాకా. నాలుగు వైపులా దొరలు, సేఠ్‌లు, మధ్యలో అంకెలు.

ఆ హద్దుల్లో బెల్లాసిస్ రోడ్డు దగ్గర కాసేపు ఆగాలి. 1793లో ఆ రోడ్డు వేసినప్పుడు ఓ రాతి ఫలకం చెక్కించారు. ఆ ఏటి కరువులో సూరత్ నుంచి తరుముకు వచ్చిన పేదలు చందాల డబ్బుతో వేసిన దారి ఇదని, పనిని నడిపించిన మేజర్ జనరల్ బెల్లాసిస్ పేరు దీనికి పెట్టామని దాని సారాంశం. కూలీలను రాతి మీద తలుచుకోవడం బొంబాయిలో అరుదు. ఆ మర్యాద ఈ ఫలకానికి దక్కాలి. అయినా మర్యాద మొదటి వాక్యం దాకానే. పేరు దగ్గరికొచ్చేసరికి మళ్లీ జనరల్‌గారే. ఇప్పుడు దాన్ని జహంగీర్ బొమన్ బెహ్రామ్ మార్గ్ అంటారు.

ఆ రోడ్డును రైలు పట్టాల మీదుగా తాడ్‌దేవ్ వైపు దాటించే వంతెన 1893 నాటిది, అమృతాంజనం ఈడుది. 130 ఏళ్లు మోసింది. 2024 జూన్‌లో దాన్ని మూసేసి కూల్చి, అదే చోట కొత్తది లేపే పని పెట్టుకున్నారు. మస్జిద్ స్టేషన్ దగ్గరి కార్నాక్ వంతెనకు అంతకు ముందే ఆ గతి పట్టింది. 1868 నాటి ఆ కట్టడాన్ని 2022 నవంబరులో రైళ్లు ఆపి తీసేశారు. 2025 జూలైలో ‘సిందూర్’ పేరుతో కొత్తది వచ్చింది. పాత వంతెన తీస్తున్నప్పుడు దాని పేరు చెక్కిన నల్లరాళ్లను రైల్వేవాళ్లు జాగ్రత్త చేశారు. ఇంగ్లీషులో, దేవనాగరిలో, గుజరాతీలో ‘కార్నాక్’ అని ఉంది. పాలకుడి లిపి, ఊరివాళ్ల లిపి, వర్తకుడి లిపి. రాళ్లు మోసినవాళ్ల వీధుల్లో మాట్లాడుకునే భాష లిపికి అక్కడ చోటు లేదు.

అలాగని కామాటిపుర తెలుగువాళ్లంతా గమేళా (ఇనప తట్ట) మోసినవాళ్లే అనుకుంటే పొరపాటు. 19వ శతాబ్దం నడిమికి వాళ్లలోంచే గుత్తేదారులు లేచారు. వ్యంకు బాలాజీ కాలేవార్, జాయా కారాడీ లింగు, నరసింగరావు సాయిబు వడ్నాల, రామయ్య వెంకయ్య అయ్యవారు. ఈ పేర్లు మన చరిత్ర పుస్తకాల్లో కనబడవు, మరాఠీ పుస్తకాల్లో ఉంటాయి. కారణం జోతిరావు ఫూలే. 1873లో పుణెలో ఆయన పెట్టిన సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచింది ఈ తెలుగు గుత్తేదారులే. అయ్యవారు అచ్చుయంత్రం కోసం 1,200 రూపాయలు ఇచ్చారని సమాజం చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

వీళ్లకూ ఫూలేకూ ఎక్కడ కలిసింది? ఫూలే అనగానే బడి, పలక, సావిత్రిబాయి గుర్తొస్తారు. ఆయన గుత్తేదారు కూడా. కాత్రజ్ సొరంగం, ఎరవాడ వంతెన వంటి పనుల్లో ఆయన కంపెనీకి చేయి ఉంది. ఓవర్సీరు కొలత పుస్తకంలో ఎలా కోత పెడతాడో, బిల్లు పాస్ కావడానికి ఏ బల్ల కింద ఎంత పెట్టాలో, దొర సంతకం పెట్టేలోపు కింది గుమాస్తా ఎంత మింగుతాడో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. పబ్లిక్ వర్క్స్ శాఖ అవినీతి మీద పొవాడా (మరాఠీ కథాగేయం) కట్టాడు. కూలీ కష్టం, గుత్తేదారు కష్టం రెండూ ఎరిగిన ఈ తెలుగువాళ్లకు ఆ మాటలు ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేకపోయింది. సంస్కరణ ఉద్యమాలు గ్రంథాలయాల్లో పుట్టాయని అనుకోవడం మనకు అలవాటు. ఇది మాత్రం సున్నం బట్టీ దగ్గర, కొలత టేపు పట్టుకున్న మనుషుల మధ్య గట్టిపడింది.

ఇక్కడే నాకో సంగతి గుచ్చుకుంటుంది. నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రిక వేసిన బొంబాయి, కామాటిపుర ఉన్న బొంబాయి ఒకటే ఊరు. కానీ ఆ పత్రిక చూపు కృష్ణా, గోదావరి, మద్రాసుల వైపు. గల్లీలోని తెలుగు గోడు మరాఠీ పత్రికలకే ముందు తెలిసింది. కోస్తా నుంచి చదువుతో వచ్చినవాళ్లు, తెలంగాణ నుంచి చేతిపనితో వచ్చినవాళ్లు ఒకే ట్రాములో ప్రయాణించి ఉంటారు, ఒకే సభలో కూర్చున్న సందర్భాలు తక్కువ. ఇప్పటికీ ముంబయి తెలుగు సంఘాల్లో ఆ గీత లీలగా కనబడుతుంది.

కామాటిపుర చెడ్డపేరు తరవాతి సంగతి. 19వ శతాబ్దం రెండో సగంలో బ్రిటిష్ సైనికుల కోసం, నావికుల కోసం వేశ్యావాటికలు ఇక్కడ గుమిగూడాయి. శుక్లాజీ వీధిలో యూరప్ ఆడవాళ్లు ఉండేవాళ్లు కనుక దానికి ‘సఫేద్ గల్లీ’ అని పేరు. 1868 అంటువ్యాధుల చట్టంతో సర్కారు వాళ్లను రిజిస్టర్లలో ఎక్కించి పరీక్షలు పెట్టింది. సినిమాలు, నవలలు ఆ కథే పట్టుకున్నాయి. కొన్ని గల్లీల కథ పేట మొత్తానికి అంటుకుంది. మిగతా గల్లీల్లో సంసారాలు ఎప్పుడూ ఉన్నాయి, ఉన్నాయని ఎవరూ రాయలేదు. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లకు అడ్రసు చెప్పేటప్పుడు ‘నాగ్‌పాడా దగ్గర’ అని మాట దాటేయడం ఆ ఇళ్లలో తరాల అలవాటు.

ఆ ఇల్లంటే ఓ గది. గోడకు అర, అర మీద ఇత్తడి గిన్నెలు, అరకింద కుట్టుమిషనో, ఇనప పెట్టో. మూలన మోరీ, అక్కడే అంట్లు, స్నానం. కక్కసు వరండా చివర, అందరికీ ఒకటే. మగవాళ్లు కూలీల అడ్డా అయిన నాకాకో, మిల్లుకో పోతే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. రాత్రి నానేసిన తునికాకును తడిగుడ్డలోంచి తీసి, రేకు ముక్క అచ్చు పెట్టి కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు పరిచి, బొటనవేలి కింద ఓ దొర్లింపు, పైన మడత, దారం చుట్టు. మాటలు నడుస్తూనే ఉంటాయి, కట్టలు పడుతూనే ఉంటాయి. ‘మనది ఏ ఊరు అక్కా?’ అన్న ప్రశ్నతో పరిచయం మొదలవుతుంది. ఆ ప్రశ్నకు ముంబయి జవాబు కాదు. మూడు తరాల కింద వదిలొచ్చిన ఊరి పేరే చెప్పాలి.

కామాటిపుర నిండాక తెలుగు చాళ్లు, అంటే ఇలాంటి వరుస గదుల ఇళ్లు, ఉత్తరానికి పాకాయి. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ బట్టల మిల్లుల చుట్టూ పద్మశాలీలు చేరారు. 1920ల మొదట్లో గవర్నర్ లాయిడ్ హయాంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్‌డీల్లో 207 చాళ్లు కట్టింది. ఒక్కో దాంట్లో 80 గదులు, ఒక్కో గది 160 చదరపు అడుగులు. బీడీడీ చాళ్లంటే అవే. వాటిల్లోనూ తెలుగు కుటుంబాలు నిండాయి. మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు పెట్టింది. బతుకమ్మ పూలు దాదర్ మార్కెట్ నుంచి వచ్చేవి. తంగేడు దొరక్కపోతే బంతి ఉంది కదా. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెతో ఆ మగ్గాలు ఆగిపోయాయి. కొందరు భివండీ మరమగ్గాలకు పోయారు, కొందరు రైలెక్కి ఊరికి వెళ్లిపోయారు, చాలామంది ఏదో ఒక పని చూసుకుని చాల్లోనే ఉండిపోయారు. వాళ్ల పిల్లల పిల్లలకు తెలుగు మాటగా ఉంది, రాతగా లేదు. బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు.

ఇప్పుడు చాళ్లూ పడుతున్నాయి. వర్లీ బీడీడీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. కామాటిపురను మొత్తంగా రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ఆధ్వర్యంలో క్లస్టర్ పద్ధతిలో కూల్చి కట్టాలని నిర్ణయం జరిగింది. అక్కడి కిరాయిదార్లకూ 500 చదరపు అడుగులే చెబుతున్నారు. పగిడీ (ముందే పెద్ద మొత్తం కట్టి తక్కువ అద్దెకు ఉండే) గదుల్లో నాలుగైదు తరాలుగా ఉన్నవాళ్లు ఎవరు వద్దంటారు? పైకప్పు పెచ్చులూడి కంచంలో పడుతుంటే, ముసలావిడ అర్ధరాత్రి వరండా చివరిదాకా నడవాల్సి వస్తుంటే, పాత చాల్ అందం గురించి దూరాన కూర్చుని రాయడం తేలిక. నేనైతే టవరే కోరుకుంటాను.

అయితే టవర్లోకి పోవాలంటే కాగితం కావాలి. పాత అద్దె రసీదు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు. తాత పేరు మీద గది, తండ్రి పేరు మీద కార్డు, కొడుకు పేరు మీద బిల్లు. సేఠ్ గుమాస్తా రసీదు మీద ‘లింగు’ అని గిలికాడు, రేషన్ ఆఫీసులో ‘లింగప్పా’ అయింది, ఊళ్లో పాస్‌బుక్కులో లింగయ్యే. ముగ్గురూ ఒకడేనని నోటరీ ముందు అఫిడవిట్ ఇవ్వాలి, వారసులంతా సంతకాలు పెట్టాలి, వాళ్లలో ఒకాయన భివండీలో, ఒకామె జగిత్యాలలో. వంతెనల మీదా రోడ్ల మీదా ఎక్కడా ఎక్కని పేరు ఈ పసుపుపచ్చ రసీదు మీద మాత్రం సరిగ్గా ఉండి తీరాలట. ఇనప పెట్టెలు తెరిచి వెతుకుతున్నారు.